ఇంజన్ బోల్టులు వదులవకుండా: 50 సైజు హెలికాప్టర్ మీద ఈ ఏడాది పని

రిమోట్ హెలికాప్టర్లలో ఇప్పుడు బ్యాటరీవే ఎక్కువ. నాకు మాత్రం నైట్రో (మిథనాల్‌లో నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం) ఇంజన్ చప్పుడు, ఆ కాలిన ఆముదం వాసన ఉంటేనే ఎగరేసినట్టుంటుంది. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో నా చేతిలో ఉన్నది 50 సైజుది. 8 సీసీ పైచిలుకు టూ స్ట్రోక్ ఇంజన్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నప్పటి నుంచీ దానికి ఒకటే రోగం. ఇంజన్‌ను మౌంటుకు (ఇంజన్ కూర్చునే లోహపు దిమ్మకు) పట్టి ఉంచే నాలుగు బోల్టులూ ఎంత బిగించినా కొన్ని ట్యాంకులకే వదులైపోయేవి.

ఇది చిన్న విషయం కాదు. ఇంజన్ కాస్త జరిగితే క్లచ్ బెల్ మీది చిన్న పళ్ళ చక్రానికీ, ప్లాస్టిక్ మెయిన్ గేరుకూ మధ్య సందు మారిపోతుంది. పళ్ళు గీసుకుపోయాయంటే గాల్లోనే రోటర్‌కు శక్తి ఆగిపోతుంది, ఇక ఆటోరొటేషన్‌తో (ఇంజన్ శక్తి లేకుండా, కింది నుంచి వచ్చే గాలికే రెక్కలు తిరిగేలా) దించుకోవడమే. అంతకు ముందే ఊపుకు ట్యాంకులో ఇంధనం నురగ కడుతుంది, ఆ బుడగలు కార్బురేటర్‌లోకి పోతే ఇంజన్‌కు ఇంధనం చాలక వేడెక్కిపోతుంది. ఇక్కడ ఏ పక్కన చూసినా కొబ్బరితోట, లేదంటే రొయ్యల చెరువు. అదుపు తప్పితే దిగడానికి మంచి చోటంటూ ఉండదు.

కార్తీకం

సార్వా చేలు నిలబడి ఉన్నాయి, ఎగరేసే చోటు లేదు. ఇంజన్ దింపి బల్ల మీద పెట్టాను. ఇంజన్ చెవులు (బోల్టులు దిగే పక్క రెక్కలు) మౌంటు మీద కూర్చునే చోట నల్లటి జిడ్డు పేరుకుని ఉంది. వేలితో రాస్తే కాటుకలా అంటుకుంది. సైలెన్సర్ నుంచి వచ్చిన మసి అయితే ఒక పక్కే ఉండాలి. ఇది నాలుగు బోల్టుల చుట్టూ ఉంది, అదీ రెండు ముఖాల మధ్య నుంచి బయటికి కక్కినట్టు. రెండు అల్యూమినియం ముఖాలు సన్నగా రాసుకుని, ఆ పొడి నూనెలో కలిస్తే ఇలాగే నల్లబడుతుంది. అంటే బోల్టు తిరగక ముందే జాయింటు కదులుతోందన్న మాట.

బోల్టులు వదులయ్యే తీరును జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగం చేసి చూపించాడు. బోల్టు పొడవునా లాగే ఊపు కంటే, అడ్డంగా జరిపే ఊపే అసలు శత్రువు. బిగించిన ముఖాలు అడ్డంగా జారినప్పుడల్లా బోల్టు మరల పట్టు క్షణం పాటు సడలుతుంది, ఆ క్షణంలో బోల్టు కాస్తంత వెనక్కి తిరుగుతుంది. మన ఇంజన్ నిమిషానికి 16,000 తిరుగుళ్ళ దగ్గర ఉంటే 8 నిమిషాల్లో 1,28,000 సార్లు ఊగుతుంది. ఒక్కో ఊపుకు వెంట్రుకంత కదిలినా చాలు.

అందుకే ముందు స్ప్రింగ్ వాషర్లు తీసేశాను. గట్టిగా బిగిస్తే అవి పూర్తిగా చదునైపోతాయి, ఆ తర్వాత మామూలు వాషర్‌కూ వాటికీ తేడా లేదు. చాలామంది ఇంకా వాటినే నమ్ముకుంటున్నారు, అది నాకు బాధగానే ఉంటుంది.

సంక్రాంతి ముందు

మౌంటు తీసుకుని పడవ ఇంజన్లు బాగుచేసే లేత్ షాపుకు వెళ్ళాను. మేస్త్రి గారు ఏమీ మాట్లాడకుండా సమతలం పలక మీద నీలం రంగు పూసి, మౌంటును దాని మీద ఒకసారి రుద్ది తిప్పి చూపించారు. రంగు ముఖమంతా అంటలేదు. బోల్టు కన్నాల అంచుల మీద నాలుగు ఉంగరాల్లా మాత్రమే అంటింది. మర కోసినప్పుడు లేచిన అంచు అలాగే ఉండిపోయింది, ఇంజన్ మొత్తం ఆ అంచుల మీదే నిలబడింది.

"మీరెంత బిగించినా ఆ అంచు నలుగుతుందండి, నలిగిన కొద్దీ బోల్టు వదులైపోద్ది. మా పడవ ఇంజన్లకీ ఇదే తంతు, ఆయ్" అన్నారు.

ఆ కన్నాల నోళ్ళను ఆయన పెద్ద డ్రిల్ బిట్టు చేత్తో తిప్పి కొద్దిగా చెక్కి ఇచ్చారు. ఇంటికొచ్చాక మందపాటి అద్దం మీద 400 నంబరు నీటి కాగితం (తడిపి వాడే గరుకు కాగితం) పరిచి, మౌంటు ముఖం, ఇంజన్ చెవుల అడుగు రుద్దాను. క్రాంక్‌కేస్‌లోకి పొడి పోకుండా అన్ని కన్నాలూ టేపుతో మూయాలి, ఇది మాత్రం మరవద్దు. మళ్ళీ నీలం పూసి చూస్తే ముఖమంతా అంటింది.

తిరిగి బిగించిన తీరు

పాత బోల్టులు 10 మిల్లీమీటర్లవి. చెవి మందం 5, వాషర్ అర మిల్లీమీటరు పోగా మరలోకి దిగేది నాలుగున్నరే. అల్యూమినియం మరలో బోల్టు మందానికి రెండింతలు దిగాలని లెక్క, అంటే ఎం3 (3 మిల్లీమీటర్ల మందం) బోల్టుకు 6 మిల్లీమీటర్లు. అందుకని 12 మిల్లీమీటర్ల 12.9 గ్రేడు బోల్టులు తెచ్చాను. మన ఉప్పుగాలికి తుప్పు పడతాయని కొందరు స్టెయిన్‌లెస్ వేస్తారు. మామూలుగా దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్ బలం 700 మెగాపాస్కల్, 12.9ది 1,200. ఇంజన్ దగ్గర నేను బలమే చూస్తాను. తుప్పు సంగతి సైలెన్సర్ చిమ్మే నూనే చూసుకుంటుంది.

మరల్లో నూనె లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోల్టులూ కన్నాలూ రెండూ కడిగి ఆరబెట్టాను. తర్వాత మర వదులవకుండా పట్టే జిగురు, నీలం రంగు లాక్‌టైట్ 243, ఒక్కో బోల్టుకు ఒక్క చుక్క. ఇది గాలి తగలని చోట, లోహం తగిలితే గట్టిపడే రకం. కన్నం అడుగు మూసి ఉంటే చుక్క బోల్టుకు కాకుండా కన్నంలో వేయాలి, లేకపోతే లోపలి గాలి దాన్ని బయటికి తోసేస్తుంది. ప్లాస్టిక్ భాగాల దగ్గర అసలు వాడొద్దు, కొన్ని రకాలు పగుళ్ళిస్తాయి. ఎరుపు రకం ఎం3 బోల్టుకు అనవసరం, విప్పేటప్పుడు తల అరిగిపోతుంది. నీలానిదైనా మొండికేస్తే సోల్డరింగ్ ఐరన్ మొన బోల్టు తలలో కాసేపు పెట్టి వేడి చేసి విప్పాలి.

8.8 గ్రేడు ఎం3 బోల్టును సుమారు 1.2 న్యూటన్ మీటర్ల టార్క్‌తో (తిప్పే బలంతో) బిగించడం రివాజు. బోల్టు గట్టిదైనా మర అల్యూమినియందే కాబట్టి నేను అక్కడే ఆగాను. టార్క్ రెంచ్ లేనివాళ్ళు 2.5 అలెన్ కీ పొడుగు కాలు బోల్టులో పెట్టి పొట్టి కాలును వేళ్ళతో తిప్పండి. ఆ కాలు 2 సెంటీమీటర్లుంటే 6 కిలోల బలం కావాలి, వేళ్ళు అంతకు మించి తిప్పలేవు. ఎదురెదురు మూలలుగా, రెండు విడతల్లో బిగించి, ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలేశాను.

ఏప్రిల్, దాళ్వా కోతలయ్యాక

చేలు ఎండాయి, కాలవలు కట్టేశారు. జూన్‌లో నీళ్ళొదిలే దాకా మనకు మైదానాలే మైదానాలు.

బోల్టు తల మీద నుంచి మౌంటు మీదికి ఒక సన్న గీత పెట్టాను. నెయిల్ పాలిష్ వద్దు, నైట్రో ఇంధనం దాన్ని కరిగించేస్తుంది. ఎపాక్సీలో కాస్త తెల్లరంగు కలిపితే నిలుస్తుంది. గీత తెగిందా లేదా అన్నదే చూడాలి, కీ పెట్టి బిగువు చూడకూడదు. లాక్‌టైట్ ఒకసారి పట్టు వదిలితే మళ్ళీ అతుక్కోదు, విప్పి కడిగి కొత్తగా వేయాల్సిందే. ఏదైనా చేత్తో పట్టి ఊపి చూసేది కూడా ఇంజన్ చల్లారాకే. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది, కాబట్టి వేడి మీద అన్నీ బిగువుగానే కనిపిస్తాయి.

మే

నాలుగు బోల్టుల గీతలూ చెక్కుచెదరలేదు. నల్ల జిడ్డు మళ్ళీ రాలేదు. గేరు పళ్ళ అంచులు కొత్తవాటిలా ఉన్నాయి. మౌంటును కార్బన్ ఫ్రేముకు పట్టే బోల్టుల్లో ఒకదాని గీత మాత్రం సన్నగా విడింది. అక్కడ బోల్టు తల నేరుగా కార్బన్ మీద ఆనుతోంది, దాని కింద వెడల్పు వాషర్ వేసి మళ్ళీ బిగించాను.

ఇక మిగిలింది సైలెన్సర్ బోల్టులు. లాక్‌టైట్ 243 పని చేసేది 180 డిగ్రీల వరకే, ఎగ్జాస్ట్ నోటి దగ్గర వేడి దాన్ని దాటిపోతుంది. నైలాక్ నట్టులోని నైలాన్ కూడా అక్కడ నిలవదు. ముఖాలు అద్దం మీద రుద్ది, పొడుగు బోల్టులు వేసి, ప్రతి ఎగరవేత తర్వాత చల్లారాక బిగువు చూస్తున్నాను. కాలవలకు నీళ్ళొచ్చే లోపు అవి తేలాలి.