ప్రభువులోనా, ప్రభువునందా

నాన్న సమాధిరాయి చెక్కించడానికి వెళ్లినప్పుడు మేస్త్రీ ఒక సలహా ఇచ్చాడు. "అమ్మా, 'ప్రభువునందు నిద్రించిరి' అంటే రెండు వరుసలవుతుంది. 'ప్రభువులో' అని పెడితే ఒకే వరుసలో సరిపోతుంది." నారాయణగూడ సమాధుల తోటలో మాకు దొరికిన చోటు ఇరుకు, రాయి వెడల్పు పెంచే వీలు లేదు. అర్థం ఒకటే కదా అన్నాడు తమ్ముడు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, నాకు ఒకటిగా తోచలేదు. రేపు చెబుతానని వచ్చేశాను.

ఆ సాయంత్రమే పక్కింటి పిన్నిగారు పలకరించడానికి వచ్చారు. "ఆయన ఎక్కడికీ పోలేదమ్మా. నది సముద్రంలో కలిసినట్టు దేవుడిలో కలిసిపోయారు" అని నా చేయి పట్టుకున్నారు. నాన్న మంచాన ఉన్న మూడు నెలలూ రోజూ మజ్జిగ తెచ్చి ఇచ్చిన మనిషి. ఆ మాటలో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కలిసిపోతే, ఇక నాన్న ఏరి?

గజేంద్రుడి మొరను ఏటా పాఠం చెప్పాను. "జగమెవ్వని లోపల నుండు లీనమై" అంటాడు పోతన. అదే పద్యంలో "సర్వము తానయైనవాడెవ్వడు" అనీ అంటాడు. జగత్తు ఆయన లోపల ఉందనడం ఒకటి, జగత్తే ఆయన అనడం మరొకటి. రెండోదాన్ని పాశ్చాత్యులు పాన్‌థీయిజం అన్నారు. మొదటిదానికి క్రౌజె అనే జర్మన్ తత్త్వవేత్త 19వ శతాబ్దంలో పాన్‌ఎన్‌థీయిజం అని పేరు పెట్టాడు. మధ్యలో చేరిన ఆ 'ఎన్' గ్రీకు మాట, 'లో' అని అర్థం.

ఏథెన్సులో అపొస్తలుడు పౌలు వాడింది కూడా ఆ 'ఎన్' మాటే. "ఆయనయందు బ్రదుకుచున్నాము, చలించుచున్నాము, ఉనికి కలిగియున్నాము." గ్రీకులో 'లో'కీ, 'యందు'కీ ఒకే మాట. మన బైబిలు అనువాదకులు మాత్రం 'లో' అనకుండా 'యందు' అన్నారు. మన వ్యాకరణంలో 'లో', 'లోపల' షష్ఠీ విభక్తిలో, 'యొక్క' పక్కన కూర్చుంటాయి. 'అందు' సప్తమి. అది అధికరణాన్ని చెబుతుంది, అధికరణమంటే ఆధారం. కొలస్సయులకు రాసిన పత్రికలో "ఆయనే సమస్తమునకు ఆధారభూతుడు" అన్న మాటను ఎన్నోసార్లు చదివాను గాని, ఈ రెండు వాక్యాలనూ కలిపి చూసింది ఆ రాత్రే. మనం ఆయనలో ఒక ముక్క కాదు. ఆయన మోస్తుంటే నిలిచి ఉన్నాం.

సర్వమూ ఆయనే అయితే, 1908 సెప్టెంబరులో వేలమందిని మింగిన మూసీ కూడా ఆయనే. ఉస్మానియా ఆసుపత్రి దగ్గర తన కొమ్మల మీద సుమారు నూట యాభై మందిని కాపాడిన చింతచెట్టూ ఆయనే. అప్పుడు ఆ కొమ్మ మీద కూర్చున్న తల్లి ఎవరికి మొర పెట్టుకోవాలి? ఈ ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ రాజీపడలేను.

'లోపల' అన్నవాళ్లను మాత్రం అంత తేలిగ్గా తోసిపుచ్చలేను. 1943లో హాంబుర్గ్ మీద బాంబులు పడ్డప్పుడు పక్కనే ఉన్న స్నేహితుణ్ణి పోగొట్టుకున్న జర్మన్ క్రైస్తవ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మాన్, దేవుడు తనలో తాను చోటు చేసి సృష్టికి ఇచ్చాడని రాశారు. కడుపులో బిడ్డకు చోటిచ్చిన తల్లి గుర్తొస్తుంది నాకు. సిలువ మీద దేవుడే బాధపడ్డాడన్న ఆయన మాట నాన్న మంచం పక్కన నన్ను నిలబెట్టింది. కానీ ప్రపంచం లేకపోతే దేవుడు అసంపూర్ణుడని కొందరు అంటారు, అక్కడ నేను ఆగిపోతాను. ఏమీ లేనిచోట నుంచి ఆయన మనల్ని కలిగించాడనే క్రైస్తవ సంఘం నమ్ముతూ వచ్చింది. అవసరమై కాదు, ఇష్టమై.

ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం కింద నిలబడినప్పుడు తమిళ క్రైస్తవ వేదాంతి ఎ. జె. అప్పాసామి గుర్తొచ్చారు. జగత్తు శరీరం, ఈశ్వరుడు శరీరి అన్న రామానుజుల భావనను ఆయన క్రైస్తవ ఆలోచనలోకి తెచ్చుకున్నారు. ఆ పోలికతో నేను పూర్తిగా ఏకీభవించను. శరీరానికి దెబ్బ తగిలితే శరీరి ఏమవుతాడన్నది నా సందేహం. కానీ ముక్తిలో కూడా జీవుడు కరిగిపోడనీ, జీవుడిగానే ఉండి సేవ చేస్తాడనీ రామానుజులు చెప్పారు. అందుకు ఆయనకు నమస్కరించాను. నది పోలికను ఆయనా ఒప్పుకోరు.

యెషయా గ్రంథంలో దేవుడు "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను" అంటాడు. పిలవడానికి ఇద్దరుండాలి. నాన్నను ఆయన పిలుస్తాడని, నాన్న పలుకుతాడని నా నమ్మకం.

మరుసటి రోజు మేస్త్రీకి 'నందు' అనే చెక్కమని చెప్పాను. ఒక వరుసలో ప్రభువునందు, దాని కింద నిద్రించిరి. వాటికి పైన నాన్న పేరు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా.