బొట్టు గడి మధ్యకు వచ్చింది
బెంగళూరు మారతహళ్ళిలో మా తెలుగు సంఘం సభ్యుల కోసం రాస్తున్న వెబ్ అప్లికేషన్‌లో, ఫొటో ఎక్కించి కత్తిరించుకునే సదుపాయం నిన్న రాత్రికి పూర్తయింది. నాలుగు వారాంతాలు పట్టింది.

ఎక్కించడం తేలికే. కత్తిరింపే ఏడిపించింది. ఒంగోలు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "బాబూ, ముఖం చుట్టూ గడి సరిగ్గానే పెట్టాను. తీరా చూస్తే చెవీ, కిటికీ చువ్వలూ వచ్చాయి" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫోనును నిలువుగా పట్టుకుని తీసినా, చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే భద్రపరిచి, 90 డిగ్రీలు తిప్పి చూపించమనే గుర్తును ఎగ్జిఫ్‌లో, అంటే ఫొటో ఫైలులోనే దాగి ఉండే వివరాల్లో, రాస్తాయి. బ్రౌజర్ ఆ గుర్తును పాటించి నిలువుగా చూపింది. మా సర్వర్ మాత్రం దాన్ని చూడకుండా, అడ్డంగా ఉన్న బొమ్మ మీదే కోసింది. ఇప్పుడు ముందు తిప్పి, తర్వాతే కోస్తున్నాను. ఎగ్జిఫ్‌లో ఫొటో తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఉండవచ్చు. అందుకే చివరికి దాన్ని పూర్తిగా తుడిచేస్తున్నాను. మనల్ని నమ్మి ఫొటో ఇచ్చినవారి ఇల్లు ఎక్కడుందో బయటపడకూడదు. ఈ విషయంలో రాజీ లేదు.

ఈ ఉదయం ఆవిడ మళ్ళీ ఎక్కించారు. కుంకుమబొట్టు సరిగ్గా గడి మధ్యలో ఉంది.