గీత మెరిస్తే వైడూర్యమేనా?

ఒడిశాలోని రాయగడలో మనవాళ్లు వైడూర్యం, అంటే పిల్లికన్ను రాయి చేతికందగానే టార్చి వేసి, పైన మెరిసే గీత చూసి మురిసిపోతారు. గీత గాజులోనూ మెరుస్తుంది మరి! అసలుది క్రైసోబెరిల్ అనే ఖనిజం, అంటే బెరీలియం అల్యూమినియం ఆక్సైడ్; ఇక్కడి ఖోండలైట్ (వేడికీ ఒత్తిడికీ రూపు మారిన శిల) కొండల్లో చొచ్చుకొచ్చిన పెగ్మటైట్‌లో, అంటే పెద్ద పెద్ద స్ఫటికాలుండే అగ్నిశిలలో గడ్డకట్టింది. మోస్ కొలతలో కాఠిన్యం పదికి 8.5. లోపల వెంట్రుకకన్నా సన్నని సూదులు ఒకే వరసలో ఉంటేనే పిల్లికన్ను. సానపట్టేటప్పుడు రాయి అడుగు సూదులకు సమాంతరంగా, పొడవు వాటికి అడ్డంగా రావాలి. కొంచెం ఒరిగినా గీత పక్కకు జారుతుంది. రాయి పైగుబ్బ చదునైతే గీత చెదురుతుంది. అడుగు లావుగా వదిలేయడం మరో కక్కుర్తి, కేరట్ లెక్కన డబ్బు మనదే కదా. అసలుదో కాదో తేలాలంటే నీళ్లలో తూచండి: 3.73 కేరట్ల వైడూర్యం 1 కేరట్ తగ్గాలి. అదే బరువున్న క్వార్ట్జ్ పిల్లికన్ను అయితే 1.4 తగ్గుతుంది. సన్నని గాజు పోగులు కలిపి చేసే నకిలీని, అంటే ఫైబర్ గాజును పక్కనుంచి 10 రెట్ల లెన్స్‌తో చూస్తే తేనెపట్టు గళ్లు కనిపిస్తాయి.