కీల్‌లో కౌలు సేద్యం

మా ఊరు కళ్యాణదుర్గం దగ్గర. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే అనంతపురం జిల్లాలో పుట్టి, సముద్ర శాస్త్రంలో పడ్డాను. ఇంటర్ అయ్యేదాకా సముద్రం ముఖమే చూడలేదు. ఇప్పుడు ఉంటున్నది జర్మనీ ఉత్తరాన, బాల్టిక్ ఒడ్డున ఉన్న కీల్‌లో. పని మాత్రం బంగాళాఖాతం మీదే.

ఇక్కడ నాది రెండేళ్ల కాంట్రాక్టు. అది ముగిస్తే ఇంకో రెండేళ్లు, ఇస్తే. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు నాన్న కాసేపు ఆగి, "అంటే కౌలా రా?" అన్నాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను. డాక్టరేట్ తర్వాత ఇలాంటి తాత్కాలిక ఒప్పందాల మీద సాధారణంగా ఆరేళ్లకు మించి ఉంచకూడదని 2007లో ఇక్కడ చట్టం వచ్చింది. పర్మనెంట్ చేస్తారని దాని ఆశ. నేను చూసినంతలో మాత్రం ఆరో ఏడు వచ్చేసరికి చాలామంది మూట సర్దుకుంటారు. నాకిది ఐదో ఏడు.

కౌలన్నాక గుత్త ఉంటుంది కదా. మా గుత్తను పరిశోధన పేపర్లలో కొలుస్తారు. ఎన్ని రాశావు, వాటిని ఎంతమంది తమ పేపర్లలో సైట్ చేశారు, అంటే ఆధారంగా చూపారు. ఈ రెండింటినీ కలిపి 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అని ఒకే అంకె చేసి పెట్టాడు. నాది 11. అంటే కనీసం 11 సైటేషన్లు తెచ్చుకున్న పేపర్లు 11 ఉన్నాయని. రాసినవి 19. మిగతా ఎనిమిదీ పొల్లు కింద లెక్క.

ఆ పొల్లులోనే నాకు బాగా ఇష్టమైనది ఉంది. ప్రపంచ సముద్రాల్లో ఆర్గో ఫ్లోట్లని దాదాపు 4000 తిరుగుతుంటాయి. మనిషంత పొడవు గొట్టాలు. వెయ్యి మీటర్ల లోతున నీటితోపాటు సాగి, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, పైకి వస్తూ వేడినీ ఉప్పునీ కొలిచి ఉపగ్రహానికి పంపుతాయి. ఏళ్లు గడిస్తే కొన్నింట్లో ఉప్పు లెక్క తప్పుతుంది, మండీలో పాత కాటాలాగా. పక్క ఫ్లోట్లతో, ఓడల మీద తీసిన కొలతలతో పోల్చి ఆ తప్పు సరిచేయడానికి రెండేళ్లు కూర్చున్నాను. ఆ డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, తీసుకుంటున్నారు కూడా. డేటా పేరు రాస్తారు గానీ సరిచేసినవాడి పేపర్ ఎవరికి గుర్తుంటుంది? ఆరు సైటేషన్లు. అందులో రెండు నావే.

హిందూ మహాసముద్ర డైపోల్ మీద 1999లో సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా రాసిన పేపర్‌కు సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. పడమట నీళ్లు వేడెక్కి తూర్పున చల్లబడే ఆ ఊగిసలాటకు మన వానలతోనూ సంబంధం ఉంది. అసూయేం లేదు. కొంచెం ఉంది.

పోయిన నెల ఒక ఇంటర్వ్యూలో, ఎక్కడో చెప్పను, "ఈ రెండేళ్లలో ఒక్క పేపరే ఉందే?" అని అడిగారు. ఉప్పు సరిచేస్తున్నానన్నాను. పెద్దమనిషి ఒకాయన తలూపి తర్వాతి పేజీ తిప్పాడు.

ఆ ఉప్పు ఎందుకు ముఖ్యమో ఆయనకు తెలియక కాదు. వానాకాలంలో గంగా బ్రహ్మపుత్రలు తెచ్చి పోసే మంచినీళ్లు తేలిక కాబట్టి బంగాళాఖాతం మీద మూతలా పరుచుకుంటాయి. కింది చల్లని నీళ్లు పైకి కలవలేవు, పైన వేడి నిలిచిపోతుంది. 28 డిగ్రీలు దాటిన ఆ వేడే అక్టోబరు, నవంబరు వాయుగుండాలకు మేత. ఉప్పు తప్పితే మూత మందమూ తప్పుతుంది.

ఇంటర్వ్యూ అయిన వారానికి నాన్న ఫోన్ చేశాడు. వెనక వాన చప్పుడు.

"మీ సముద్రంలోంచేనా ఈ వాన?"

"అవును నాన్నా, అల్పపీడనం."

"ముంగారులో రాలేదు. శెనక్కాయ పీకి వేసినాక వచ్చె. కట్టె అంతా తడిసె."

అదే అల్పపీడనం కింద రెండు ఫ్లోట్లు పైకి వచ్చాయి. రాయబోయే పేపర్‌కు మొదటి గ్రాఫ్ అప్పటికే గీసి పెట్టుకున్నాను. ఆ మాట నాన్నకు చెప్పలేదు.