గోలెం దగ్గరి ఈగ

నిద్ర పట్టట్లేదు. బావమరిది అడిగిన ఒక్క ముక్క చెవిలో జోరీగలా తిరుగుతోంది. "బావా, ఎన్ని కిలోల తేనె ఎల్లుతది?" తేనెపట్టు ఎట్లా దొరికిందని మాత్రం అడగడు.

మాకో గోలెం ఉంది, అంటే నీళ్ల తొట్టి. ఈ ఎండలకు తేనెటీగలు పొద్దున్నుంచే దాని అంచున బారులు తీరుతున్నాయి. పట్టును చల్లబరచుకోడానికి నీళ్లు మోసుకెళ్తాయి. పొట్ట మీద సమానమైన చారలు, పెద్దతేనె ఈగకంటే చిన్న ఒళ్లు. అంటే తొర్రల్లో ఉండే రకం. నల్లమలలో చెంచులు కొండచరియల నుంచి దించే పెద్దతేనె అయితే ఏ ట్యాంకు కిందో వేలాడుతూ ఊరందరికీ కనబడేది.

పట్టు ఎంత దూరంలో ఉందో తేల్చడానికి సాసర్లో చక్కెర, నీళ్లు సమానంగా కలిపి పెట్టాను. పాకం తాగే ఈగ కదలదు. గడ్డిపోచతో వీపు మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టొచ్చు (సీసా ఎవరిదో అడక్కండి). రెక్కకు అంటితే మాత్రం దాని పని అంతే. చుక్క ఈగ పోయి రావడానికి పట్టిన నిమిషాలు: 7, 5, 11, 5, 6, 9. ఇక్కడ సగటు తీస్తే లెక్క చెడుతుంది. లోపల ఎంతసేపు మసిలిందో మనకేం తెలుసు? అన్నిట్లో తక్కువదే పట్టుకోవాలి. ఆ ఐదులో రెండు మూడు నిమిషాలు పాకం అప్పజెప్పడానికే పోతాయి. మిగిలిన దాన్నిబట్టి పట్టు నాలుగైదు వందల మీటర్లు దాటదు.

తాతకు గడియారం లేదు. "మొదటిసారి ఈగ అబద్ధమాడుతదిరా" అనేవాడు. కొత్తచోటు గుర్తుపెట్టుకోడానికి అది సుడులు తిరుగుతుంది. మూడోసారో నాలుగోసారో తిన్నగా పోతుంది. పొద్దు వాలాక చెట్టునీడలో వెల్లకిలా పడుకుని, సూర్యుడికి తువ్వాల అడ్డం పెట్టుకుని చూసేవాడు. ఎదురెండలో రెక్కలు మెరుస్తాయి. తర్వాత వంద అడుగులు పక్కకు జరిగి మళ్లీ మొదలు. రెండు దారులూ కలిసేచోట వెతకమనేవాడు.

కలిసింది పాత మోటబాయి పక్క చింతచెట్టు దగ్గర. తొర్రలన్నీ చూశాను, ఏం లేదు. ఈగలేమో చెట్టుదాకా వచ్చి మాయం. తలెత్తి వెతుకుతున్నా గానీ, అవి కిందికి దిగుతున్నాయి! బావి రాతికట్టులో వేలెడు సందు. అంచులు కాళ్ల రాపిడికి నల్లగా నున్నబడ్డాయి. వెనక కాళ్లకు పసుప్పచ్చ పుప్పొడి ముద్దలతో లోపలికి పోతున్నాయంటే పిల్లలున్నట్టే.

"కిరసనాయిలు గుడ్డ కాల్చి పెడితే అయిపాయె" అంటాడు బావమరిది. తేనెకు ఆ కంపు పడుతుంది, పిల్లలు మాడతాయి. ఒక్కటి కుడితే ఆ వాసనకు మిగతావి ఎగబడతాయి. బావిలో ఉన్నవాడు ఎటు ఉరుకుతాడు? నీళ్లలో మునిగితే తల పైకెత్తేదాకా పైనే తిరుగుతుంటాయి. అంతా విని మళ్లీ కిలోలే!

నిజానికి ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు నా కన్నూ ఈగల్ని పెంచే ఎనిమిది ఫ్రేముల పెట్టె మీదే ఉంది. పిల్లలున్న పెరలు కోసి, అరటినారతో ఫ్రేములకు కట్టి, చీకటిపడే వేళకు రాణితో సహా దించేద్దామని. రాళ్లు పీకకుండా చెయ్యి పట్టదు, పీకితే కట్టు కూలుతుంది. పైగా మేత తక్కువున్న ఎండాకాలంలో కదిలిస్తే ఈ రకం పెట్టె వదిలి లేచిపోతుంది. వాడికీ నాకూ తేడా పెట్టె ఒక్కటే అన్నమాట.

ఖాళీ పెట్టెకు లోపల పాతమైనం రాసి చింతనీడలో పెడతాను. బత్తాయి పూతకు పట్టు చీలితే కొత్త గుంపు దిగొచ్చు, దిగకపోవచ్చు.

అయ్యో, సాసరు గోలెం పక్కనే వదిలేశాను. ఈపాటికి గండుచీమలు పట్టి ఉంటాయి.