రాత్రిపూట గూట్లో వినిపించిన గురక

మొన్నటి పుష్యమాసంలో ఒక రాత్రి కోళ్లగూటి తలుపు గడియ సరిగా పడిందో లేదో చూద్దామని పెరట్లోకి వెళ్లినప్పుడు, లోపలినుంచి సన్నని తడి చప్పుడు వినిపించింది. చిన్నపిల్లలకు జలుబు చేసి ఛాతీలో కఫం పట్టినప్పుడు వచ్చే పిల్లికూతల వంటిదే అది. మా ఇంట్లో అప్పటికి పద్నాలుగు కోళ్లున్నాయి. వాటిలో మూడు వనరాజా అనే సంకరజాతి పెట్టలు, మిగిలినవన్నీ నాటువి. పగలంతా అవి నేల గీరుకుంటూ, ఒకదానినొకటి తరుముకుంటూ, గుడ్డు పెట్టినప్పుడల్లా ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తూ ఉంటాయి కాబట్టి, ఆ గోలలో ఒక పెట్ట ఊపిరి ఎలా ఉందో ఎవరికీ తెలియదు. అందుకే కోళ్లు పెంచేవారికి నేను మొదట చెప్పేది, అవి దండెమెక్కి సద్దుమణిగిన గంట తరువాత గూటి పక్కన రెండు నిమిషాలు కదలకుండా నిలబడి వినమని.

దీపం తీసుకువచ్చి ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ఆ చప్పుడు ఎర్ర పెట్టది. ఊపిరి తీసిన ప్రతిసారీ దాని తోక కొద్దిగా పైకీ కిందికీ ఊగుతోంది. ఎడమ కంటి మూలలో సబ్బునురుగు వంటి చిన్న బుడగలున్నాయి. భుజం మీది ఈకలు మాత్రం మట్టి అంటుకుని అట్టకట్టి ఉన్నాయి. మొదట అది బురద అనుకున్నాను, కానీ ముక్కు కారుతున్న కోడి తల వెనక్కి తిప్పి తన ఈకలకే తుడుచుకుంటుందని, ఆ తడికి దుమ్ము అంటుకుంటుందని తరువాత అర్థమైంది. అంటే ఆ జబ్బు ఆ రాత్రి మొదలైనది కాదు. నాకు కనీసం మూడు నాలుగు రోజుల ముందే కనిపించి ఉండవలసింది.

కోడి ఊపిరి తీసే తీరు మనది వంటిది కాదు. దానికి మనకున్నట్టు ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండరపు పొర లేదు. ఊపిరితిత్తులు పక్కటెముకలకు అతుక్కుని ఉంటాయి, గాలిని లోపలికీ బయటికీ నడిపేవి ఒంటినిండా పరుచుకున్న తొమ్మిది గాలిసంచులు. అవి పొట్టలోకీ, కొన్ని ఎముకల లోపలికీ కూడా వ్యాపించి ఉంటాయి. అందుచేత మనం జలుబు అని తేలికగా తీసుకునేది కోడి విషయంలో గొంతు దగ్గర ఆగకుండా, గాలి వెళ్లినంత మేరకూ వెళ్లగలదు. జబ్బుపడిన కోడిని రొమ్మును గట్టిగా అదిమి పట్టుకోకూడదని చెప్పడానికి కారణం కూడా ఇదే. రొమ్మెముక కదలకపోతే దానికి ఊపిరే ఆడదు.

ఊపిరి ఇబ్బంది అనేది ఒక జబ్బు పేరు కాదు. మన ఊళ్లలో కోడి కాస్త గురక పెట్టగానే కొక్కెర తెగులు అనేస్తారు, ఆ భయానికి కారణం లేకపోలేదు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర బయటపడిన ఆ తెగులును మన దేశంలో రాణీఖేత్ అనే కొండ ఊరి పేరుతో పిలుస్తున్నారు. అది పట్టినప్పుడు నోరు తెరిచి మెడ చాచి ఊపిరి తీయడంతో పాటు ఆకుపచ్చని నీళ్ల రెట్ట, మెడ మెలితిరగడం, కాళ్లూ రెక్కలూ చచ్చుబడడం కనిపిస్తాయి. టీకా వేయని మందలో ఒక్క వారంలో గూడు ఖాళీ కావచ్చు. అది వైరస్ కాబట్టి వచ్చాక దానికి మందు లేదు. ముఖం ఒకవైపు ఉబ్బి, కన్ను మూసుకుపోయి, ముక్కునుంచి కుళ్లు వాసన వస్తే అది కోరైజా అనే అంటుజలుబు కావచ్చు. అది రెండు మూడు రోజుల్లోనే మంద మొత్తానికీ అంటుకుంటుంది. కోళ్ల మశూచి కూడా ఒక్కోసారి నోటిలోపల పసుపుపచ్చని పొరలుగా పేరుకుని ఊపిరికి అడ్డుపడుతుంది. ఇక వైశాఖ మాసపు మధ్యాహ్నం కోడి రెక్కలు ఎడంగా పెట్టి, నోరు తెరిచి రొప్పడం చాలాసార్లు జబ్బే కాదు. కోడికి చెమట పట్టదు, ఒంటి వేడిని ఎక్కువగా నోటిద్వారానే పోగొట్టుకోవాలి. నీడా చల్లని నీళ్లూ ఇచ్చాక అది నెమ్మదిస్తే, గొంతులో చప్పుడేమీ లేకపోతే, మందుల జోలికి వెళ్లనవసరం లేదు.

వీటన్నిటికంటే వేరుగా చూడవలసింది ఒకటుంది. ఏ లక్షణమూ సరిగా కనిపించకముందే కోళ్లు ఒకేసారి చచ్చిపోతుంటే, తురాయి నల్లబడి కాళ్ల మీద ఎర్రని మచ్చలు వస్తే, వాటిని కోయకూడదు, అమ్మకూడదు, కాలువలో పారేయకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మనకు తెలిసినదే. అటువంటప్పుడు వెంటనే పశువైద్యశాలకు కబురు చేయాలి.

మా పెట్ట సంగతి అంత దూరం పోలేదు. పశువైద్యుడు దాన్ని పరీక్షించి, కంటి నురుగునూ నెమ్మదిగా పాకిన తీరునూ బట్టి ఇది మైకోప్లాస్మా అనే బాక్టీరియా వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి అని, మా వాళ్లు సీఆర్డీ అనేది ఇదేనని చెప్పారు. కొత్త కోళ్లేమైనా తెచ్చారా అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంది. రెండు వారాల క్రితం సంతలో రెండు పెట్టలు కొని, ఆ సాయంత్రమే మిగిలినవాటితో కలిపి గూట్లో పెట్టాను. కొత్తవాటిని కనీసం మూడు వారాలైనా వేరుగా ఉంచాలని తెలిసి కూడా, రెండే కదా అనుకున్నాను.

దానికి తోడు, చలికి తట్టుకోలేవేమోనని గూటి నాలుగు వైపులా గోనెపట్టాలు కట్టేశాను. ఈ పొరపాటు మన పెరళ్లలో చాలామంది ప్రేమతోనే చేస్తారు కాబట్టి దీని గురించి కాస్త గట్టిగానే చెబుతున్నాను. తడిసిన ఊకలోనూ రెట్టలోనూ పుట్టే అమ్మోనియా బయటికి పోవడానికి దారి లేకపోతే, అది కోడి గొంతులోని సన్నని నూగును దెబ్బతీస్తుంది. దుమ్మునూ క్రిములనూ బయటికి నెట్టవలసింది ఆ నూగే. తెల్లవారుజామున తలుపు తీయకముందు గూటి దగ్గర గొంతుకూర్చుని, కోడి తల ఉండే ఎత్తులో ముక్కు పెట్టి చూడండి. నిలబడితే తెలియని ఘాటు అక్కడ కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. మరునాడే పాత ఊక మొత్తం ఎత్తి పెంటకుప్పలో వేసి, పొడి ఊక పరిచి, గోనెలను కోళ్ల మీదికి నేరుగా గాలి కొట్టని విధంగా కిందివైపు మాత్రమే ఉంచి, చూరు కింద జానెడు మేర తెరిచి పెట్టాను. కోడికి ఈకలున్నాయి, పొడిగా ఉంటే చలిని అదే తట్టుకుంటుంది.

ఎర్ర పెట్టనూ, తుమ్ముతున్న మరో రెండింటినీ వసారాలో విడివిడిగా గంపల కింద ఉంచాము. డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మందు టైలోసిన్‌ను ఐదు రోజులు తాగే నీళ్లలో కలిపి ఇచ్చి, ఆయన చెప్పిన గడువు వరకూ గుడ్లు తినలేదు, ఎవరికీ ఇవ్వలేదు. వాటికి మేత వేయడం ఎప్పుడూ చివరనే, ఆ తరువాత చేతులు కడుక్కుని, చెప్పులు మార్చుకునే గూటివైపు వెళ్లేదాన్ని. పక్కింటి పిన్ని వచ్చి, "అమ్మాయ్, తులసిరసంలో పసుపు కలిపి రెండు చెంచాలు గొంతులో పోసెయ్" అంది. ఆవిడ మంచికే చెప్పింది, కానీ కోడి నోరు తెరిచి చూస్తే నాలుక మొదట్లోనే సన్నని చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అదే ఊపిరిగొట్టం. ఆ పక్కగా పోసినా కొంత అందులోకి జారితే పొలమారి, జబ్బుతో పోనిది మందుతో పోతుంది. మూడేళ్ల క్రితం ఒక కోడిపిల్లను నేను అలాగే పోగొట్టుకున్నాను. తాగలేని కోడికి ముక్కు కొనను నీళ్లలో ముంచితే చాలు, అదే తల ఎత్తి మింగుతుంది.

కొక్కెర తెగులు టీకా మాత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేయించాలి. కోడిపిల్లలకు ఏడో రోజున కంట్లోనో ముక్కులోనో లాసోటా టీకా చుక్క, నెల రోజులకు మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది, ఇదీ మేము పాటించే వరుస. ఆ మందును ఐసుముక్కలున్న ఫ్లాస్కులో తెచ్చుకుని, కలిపిన రెండు గంటల్లోపు వాడేయాలి. ఎండలో చేతి సంచిలో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే.

మూడో వారానికి మిగిలిన రెండూ పూర్తిగా కోలుకున్నాయి. ఎర్ర పెట్ట తిరుగుతోంది, గుడ్లు పెడుతోంది, మంచు పడ్డ రాత్రులు మాత్రం దాని గొంతులో ఆ సన్నని చప్పుడు ఇంకా వినిపిస్తుంది. మైకోప్లాస్మా ఒకసారి చేరిన ఒంట్లోంచి పూర్తిగా పోదని, గుడ్డుద్వారా పిల్లలకు కూడా అందుతుందని డాక్టరు చెప్పారు. అందుకే ఈ ఏడాది మా కోళ్లు పెట్టిన గుడ్లు వేటినీ పొదగవేయలేదు. ఉగాదికి పొదుగుకు వచ్చిన నల్ల పెట్ట కింద, వేరే ఊరిలో ఏ జబ్బూ లేని మందనుంచి తెచ్చిన తొమ్మిది గుడ్లు పెట్టి, దాన్ని గూటికి దూరంగా, ఇంటికి అవతలివైపు చుట్టింట్లో కూర్చోబెట్టాము.