వెంట్రుకవాసి తేడాతో పది రోజుల తిప్పలు

మాది పాత డీజిల్ కారు. కామన్ రైలు (అన్ని నాజిళ్ళకూ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం), కంప్యూటరు లాంటివేవీ లేవు. టైమింగ్ బెల్టుతో తిరిగే రోటరీ పంపే, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్ళకూ డీజిల్ కొడుతుంది. పంపు సీలు దగ్గర కారుతోందని దింపించి, సీళ్ళు మార్పించాను. కారడం ఆగింది కానీ, మర్నాటి నుంచి బండి తీరే మారిపోయింది.

పొద్దున సెల్ఫ్ కొడితే ఎంతకీ అందుకోదు. అందుకున్నాక కాసేపు కళ్ళు మండేంత తెల్లపొగ. మూడో గేర్లో ఎక్కే ఎత్తుకు రెండో గేరు వేస్తే గాని లాగదు. శబ్దం మాత్రం మునుపటికంటే మెత్తగా ఉంది. నన్ను తప్పుదోవ పట్టించింది అదే. ఇంజను హాయిగా ఉంది కదా, లోపం ఇంకెక్కడో ఉందనుకున్నాను.

మెకానిక్ "నాజిళ్ళు పోయాయి సార్" అన్నాడు. విప్పి టెస్టు బెంచి మీద పెట్టిస్తే నాలుగూ సరైన ప్రెషర్ దగ్గరే తెరుచుకుంటున్నాయి, మంచులా చిమ్ముతున్నాయి, చుక్క కారడం లేదు. చల్లటి ఇంజను అందుకోవడానికి లోపల వేడి చేసే గ్లో ప్లగ్గులు కూడా మార్పించాను. దండగ.

అప్పుడు మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను. డీజిల్ సిలిండర్లో పడగానే అంటుకోదు, కొంచెం ఆలస్యమవుతుంది. అందుకే పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే చిమ్మడం మొదలవ్వాలి. 2000 ఆర్‌పీఎంలో ఒక్క మిల్లీసెకనుకు క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 12 డిగ్రీలు తిరుగుతుంది, 4000లో 24. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుగా చిమ్మడానికి పంపులోపల ఒక చిన్న పిస్టన్ ఉంటుంది. అయితే అది మనం పంపును తిప్పి బిగించిన చోటి నుంచే లెక్క మొదలుపెడుతుంది. ఆ మొదలే తప్పితే అన్ని వేగాల్లోనూ తప్పే.

ఆలస్యంగా చిమ్మితే మంట ఊపందుకునేసరికి పిస్టన్ కిందికి దిగిపోతూ ఉంటుంది. తోపు తగ్గుతుంది, వేడి సైలెన్సర్ దారి పడుతుంది. చల్లటి ఇంజనులోనైతే కొంత డీజిల్ కాలకుండానే తెల్లపొగై పోతుంది. ప్రెషర్ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి శబ్దం కూడా మెత్తబడుతుంది. నేను హాయి అనుకున్నది ఇదన్నమాట! పంపు దింపినప్పుడు గుర్తు పెట్టుకోకుండా కంటి అంచనాతో బిగించేశారు.

ఉన్న చోట ఫ్లాంజి (పంపును ఇంజనుకు బిగించే అంచు) మీద ఒక గీత గీసి, పైపుల నట్లు సడలించి, పంపును నేనే చెవి అంచనాతో తిప్పాను. బండి బాగానే లాగింది గానీ లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకా మోత. ఈసారి మరీ ముందుకు జరిగింది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట ఎదురు తన్నుతోంది. అలాగే నడిపితే పిస్టన్లకే ముప్పని భయం వేసి బండి ఆపేశాను.

చివరికి పంపుల పని చేసే పెద్దాయన ఒకరు డయల్ గేజ్ తెచ్చారు, వెంట్రుకవాసి కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం. పంపు వెనక పైపుల మధ్యనున్న బోల్టు తీసి అక్కడ గేజ్ బిగించారు. క్రాంకును వెనక్కి తిప్పుతుంటే ముల్లు దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. దాన్ని సున్నా చేసి, ఇంజను తిరిగే దిక్కులోనే, పిస్టన్ పైకి చేరిందని చూపే ఫ్లైవీల్ గుర్తు దాకా తెచ్చారు. అక్కడ ముల్లు ఎంత చూపితే అంత లిఫ్ట్, అంటే పంపులో డీజిల్ తోసే కడ్డీ అప్పటికి జరిగిన దూరం. అది ఎంత ఎక్కువైతే అంత ముందుగా చిమ్ముతున్నట్టు. మొదటిసారి, చల్లటి ఇంజనుకు కాస్త ముందుగా చిమ్మించే కోల్డ్ స్టార్ట్ లీవర్ లాగి ఉండటంతో రీడింగు ఎక్కువొచ్చింది. "దాన్ని వదలండి బాబూ, లేకపోతే లెక్కంతా తప్పుతుంది" అన్నారాయన.

మాన్యువల్ ప్రకారం ఉండాల్సింది 0.90 మిల్లీమీటర్లు. నా చెవి బిగించిన చోట 1.15. పాత గీత దగ్గర పెట్టి చూస్తే 0.55. 0.90కి తెచ్చి బోల్టులు బిగించి మళ్ళీ కొలిచారు. బిగింపులో కొంచెం జరిగింది, సరిచేశారు. పైపుల్లో గాలి తీసి సెల్ఫ్ కొడితే రెండో చుట్టుకే అందుకుంది.

మర్నాడు అదే ఎత్తు మూడో గేర్లోనే ఎక్కింది. పాత గరగర శబ్దమూ తిరిగొచ్చింది. ఫ్లాంజి మీద నేను గీసిన గీతకూ ఇప్పుడున్న చోటికీ మధ్య రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. పెద్దాయన వెళ్ళేముందు ఉలితో అక్కడ లోతుగా కొత్త గీత పెట్టి, నా గీతను ఆకురాయితో చెరిపేశారు.